ఈ-మెయిల్ చిరునామా తనిఖీ: పుట్టుపూర్వోత్తరాలు

వెబ్ ఫారం నింపేవారు ఈ-మెయిల్ చిరునామా రాసి బటన్ నొక్కగానే "సరైన చిరునామా ఇవ్వండి" అని ఎర్రటి అక్షరాలతో కనిపించే హెచ్చరికలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. రాసిన అక్షరాల వరుస చిరునామాకు ఉండవలసిన రూపంలో ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. ఆ చిరునామాకు వెళ్లిన ఉత్తరాన్ని అందుకొనే పెట్టె ఎక్కడైనా నిజంగా ఉన్నదా, ఉంటే దాన్ని తెరిచే హక్కు ఫారం నింపిన మనిషికే ఉన్నదా అన్నది రెండవది. మొదటిది వ్యాకరణానికి సంబంధించినది కనుక దానికి ఫారం దగ్గరే జవాబు దొరుకుతుంది. రెండవదానికి మాత్రం ఆ పెట్టెను నడిపే సర్వర్, దాన్ని తెరిచే మనిషి తప్ప మరెవరూ జవాబు చెప్పలేరు. ఈ తేడాను మరచి, రూపాన్ని బిగిస్తే వాస్తవం చేతికి చిక్కుతుందని నమ్మిన కాలం ఈ తనిఖీ చరిత్రలో చాలా పెద్దది.

తొలి రోజుల్లో ఈ చిక్కు లేదు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎంఐటీలో 1965లో సీటీఎస్ఎస్ అనే ఉమ్మడి కంప్యూటర్ మీద టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ రాసిన మెయిల్ ఆదేశం ఒకే యంత్రాన్ని వాడుకొనేవారి మధ్య సందేశాలు చేరవేసేది. వాడుకరుల జాబితా ఆ యంత్రంలోనే ఉండేది కాబట్టి పేరు ఉన్నదో లేదో చూడడం క్షణంలో పని. 1971లో కేంబ్రిడ్జ్‌లోని బీబీఎన్ సంస్థలో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి సందేశం పంపే ఏర్పాటు చేసి, మనిషి పేరునూ యంత్రం పేరునూ వేరుచేయడానికి ఎట్ గుర్తును ఎంచుకొన్నప్పుడే చిరునామాకు ఎడమ, కుడి అనే రెండు భాగాలు ఏర్పడ్డాయి. మనుషుల పేర్లలో రాని గుర్తు కావడం దానికి కలిసివచ్చిన గుణం. అంతవరకు అది లెక్కల పుస్తకాల్లో ధర చెప్పడానికి వాడిన గుర్తు; తెలుగువారు చిరునామా చదివి చెప్పేటప్పుడు ఇప్పటికీ "ఎట్ ది రేట్" అనడంలో ఆ చిట్టాల వాసన మిగిలే ఉన్నది.

అయితే ఆ గుర్తు అందరికీ అనుకూలమైనది కాదు. ఎంఐటీ మూలాలున్న మల్టిక్స్ వ్యవస్థలో అదే గుర్తు అప్పటివరకు టైపు చేసిన వరుసనంతా చెరిపివేసే ఆదేశం కావడంతో, చిరునామా రాయబోయినవారికి రాసినదంతా పోయేది. అందుకే ఆర్‌ఎఫ్‌సీలు అని పిలిచే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో 1977లో వచ్చిన 733వ పత్రం ఆ గుర్తుకు బదులుగా "ఎట్" అనే మాటను అక్షరాలలో రాయడానికి కూడా అనుమతి ఇచ్చింది. కుడివైపు వచ్చే యంత్రాల పేర్లన్నీ కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నిర్వహించే ఒకే ఫైలులో ఉండేవి, ఆ ఫైలు ప్రతిని యంత్రాలన్నీ తెచ్చుకొనేవి. అంటే చిరునామాలో సగభాగాన్నయినా జాబితాతో పోల్చి సరిచూసుకొనే వీలు అప్పటికి ఉన్నదన్నమాట.

టెలిఫోన్ తీగల మీద యూనిక్స్ యంత్రాలను కలిపిన యూయూసీపీ జాలంలో ఆ వీలు కూడా పోయింది. అక్కడ చిరునామా అంటే గమ్యం కాదు, దారి: ఉత్తరం ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి మారుతూ వెళ్లాలో ఆ పేర్లన్నీ ఆశ్చర్యార్థక గుర్తులతో వరుసగా రాసి చివర మనిషి పేరు చేర్చేవారు. పంపేవాడు మారితే దారి మారుతుంది కాబట్టి ఒకే మనిషికి ఎన్నో చిరునామాలు ఉండేవి, వాటిలో ఏది సరైనదన్న ప్రశ్నకు అర్థమే ఉండేది కాదు. ఆశ్చర్యార్థకమూ ఎట్ గుర్తూ ఒకే చిరునామాలో కలిసి వస్తే దేన్ని ముందు చదవాలో కూడా తేలేది కాదు. బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ ప్రోగ్రాం అంత జటిలంగా తయారుకావడానికి ఇలాంటి పలు జాలాల చిరునామాలను ఒకదాని నుంచి మరొకదానికి మార్చవలసి రావడమే ముఖ్య కారణం.

1982 ఆగస్టులో ఒకేసారి వెలువడిన రెండు పత్రాలు తరువాతి కథకంతటికీ మూలం. డేవిడ్ క్రాకర్ కూర్చిన 822వ పత్రం ఉత్తరం పైభాగం ఎలా ఉండాలో చెబుతూ చిరునామాకు వ్యాకరణం ఏర్పరిచింది. అప్పటికే వాడుకలో ఉన్న వ్యవస్థలన్నిటినీ ఇముడ్చుకోవలసి ఉండడంతో ఆ వ్యాకరణం మితిమీరిన ఉదారతతో తయారైంది. ఎడమభాగాన్ని కొటేషన్ గుర్తుల్లో పెడితే అందులో ఖాళీలు రావచ్చు, మరో ఎట్ గుర్తు కూడా రావచ్చు. చిరునామా మధ్యలో కుండలీకరణాల్లో వ్యాఖ్యలు రాయవచ్చు, ఆ వ్యాఖ్యల్లో మళ్లీ వ్యాఖ్యలు ఇరికించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం మరొకటి ఉన్నది: ఎడమభాగానికి అర్థం చెప్పే అధికారం కుడిభాగంలో పేర్కొన్న యంత్రానికి మాత్రమే ఉంటుంది, దారిలోని వారెవరూ దాన్ని విడదీసి చదవకూడదు. పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు ఒకటేనా కాదా అన్న సంగతి కూడా ఆ యంత్రం ఇష్టమే.

రెండవ పత్రం జాన్ పోస్టెల్ రాసిన 821వది. ఉత్తరం చేరవేసే సర్వర్లు తమలో తాము మాట్లాడుకొనే పద్ధతిని, అంటే ఎస్ఎంటీపీని అది నిర్దేశించింది. ఆ సంభాషణలో వీఆర్‌ఎఫ్‌వై అని ఒక ఆదేశం ఉన్నది. ఫలానా పేరుగల వాడుకరి మీ దగ్గర ఉన్నారా అని ఏ సర్వర్ అయినా మరొకదాన్ని అడిగితే, అది ఉన్నారనో లేరనో చెప్పి, ఉంటే పూర్తి పేరు, పెట్టె చిరునామా కూడా ఇవ్వడానికి ఉద్దేశించిన ఆదేశమది. ఊరి పోస్టాఫీసుకు వెళ్లి ఫలానా ఇంటిపేరువారు ఇక్కడ ఉన్నారా అని అడిగితే పోస్ట్‌మాస్టరు తడుముకోకుండా చెప్పినట్లే. 1989లో వచ్చిన 1123వ పత్రం ఈ ఆదేశాన్ని సర్వర్లన్నీ తప్పనిసరిగా అమలుచేయాలని కూడా విధించింది. చిరునామా నిజమా కాదా అన్న ప్రశ్నకు అధికారికమైన, మర్యాదైన జవాబు దొరికే కాలం ఒకటి నిజంగానే ఉండేదని, వెబ్ పుట్టకముందే ఆ ఏర్పాటు సిద్ధంగా ఉన్నదని ఇప్పటి ప్రోగ్రామర్లలో ఎక్కువమందికి తెలియదు.

ఈలోగా ఒకే ఫైలులోని యంత్రాల జాబితా పెరిగి మోయలేనిదైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డొమైన్ పేర్ల వ్యవస్థ దాని స్థానంలోకి వచ్చింది. పేర్లను అంచెలంచెలుగా విభజించి ఏ అంచె జాబితాను ఆ అంచెవారే నిర్వహించుకొనే ఏర్పాటు అది. 1986 జనవరిలో వచ్చిన 974వ పత్రం ప్రతి డొమైన్‌కూ ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేరాలో తెలిపే ఎంఎక్స్ నమోదుల వాడకాన్ని వివరించింది. అప్పటి నుంచి కుడిభాగం నిజమైనదా అని ఎవరైనా, ఎక్కడి నుంచైనా విచారించి తెలుసుకోవచ్చు. ఎడమభాగం మాత్రం గమ్యం గుప్పిట్లోనే ఉండిపోయింది.

1993 తరువాత మొజాయిక్ బ్రౌజర్‌తో వెబ్ జనంలోకి వచ్చి, నింపదగిన ఫారాలూ వాటిని అందుకొనే సీజీఐ ప్రోగ్రాంలూ వ్యాపించినప్పుడు పరిస్థితి ఒక మౌలికమైన మలుపు తిరిగింది. అంతకుముందు చిరునామా రాసేవాడే ఉత్తరం పంపేవాడు. తప్పు రాస్తే ఉత్తరం తిరిగివచ్చేది అతడి దగ్గరికే. ఫారంలో చిరునామా రాసేది ఒకరు, దానికి ఉత్తరం పంపేది మరొకరు. వచ్చిపోయే మనిషిని మళ్లీ పలకరించడానికి వెబ్‌సైటుకు ఆ చిరునామా తప్ప వేరే ఆధారం లేదు, తప్పయితే తిరిగివచ్చే ఉత్తరం చేరేది సైటు దగ్గరికి, తప్పు రాసిన మనిషికి ఆ సంగతే తెలియదు. తనిఖీ అవసరమంతా ఈ ఎడం నుంచే పుట్టింది.

సీజీఐ ప్రోగ్రాంలు ఎక్కువగా లారీ వాల్ సృష్టించిన పెర్ల్ భాషలో రాసేవారు. అక్షరాల వరుస ఎలాంటి నమూనాలో ఉండాలో కొద్ది గుర్తులతో వర్ణించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే సాధనం ఆ భాషకు ప్రాణం. గణిత తార్కికుడు స్టీఫెన్ క్లీనీ 1950లలో సిద్ధాంతంగా ప్రతిపాదించిన దాన్ని 1968లో కెన్ థాంప్సన్ కంప్యూటర్‌లో వెతుకులాటకు పనికొచ్చేలా మలిచాడు. దానితో చిరునామా తనిఖీ చేయవచ్చని అందరికీ తోచింది. 822వ పత్రంలోని వ్యాకరణానికి నిజాయితీగా సరిపోయే నమూనా ఎంత పెద్దదవుతుందో 1997లో ఈ సాధనం మీద పుస్తకం రాసిన జెఫ్రీ ఫ్రీడల్ చేసి చూపించాడు. అది వేల అక్షరాల పొడవైనది. అంత చేసినా వ్యాఖ్యలో వ్యాఖ్య ఎన్ని అంతస్తులైనా ఇమిడే ఆ వ్యాకరణాన్ని సిద్ధాంతపరమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పూర్తిగా పట్టలేదు, ఎందుకంటే తెరిచిన కుండలీకరణాలెన్నో లెక్కపెట్టుకొనే జ్ఞాపకం దానికి లేదు.

ప్రోగ్రామర్లు అంత దూరం వెళ్లలేదు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ రావడంతో ఫారం సర్వర్‌కు చేరకముందే, నింపేవారి తెర మీదనే, తనిఖీ జరపడం సాధ్యమైంది. అక్షరాలు, ఎట్ గుర్తు, మళ్లీ అక్షరాలు, చుక్క, చివర రెండో మూడో అక్షరాలు అన్న పొట్టి నమూనాలు ఒక సైటు నుంచి మరొక సైటుకు నకలవుతూ పోయాయి. ఎవరి పరిచయస్తుల చిరునామాలు ఎలా ఉంటే నియమం అలా తయారయ్యేది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ అందించిన వీఎస్ఎన్ఎల్ హైదరాబాదు వాడుకరులకు ఇచ్చిన చిరునామాల్లో ఎట్ గుర్తు తరువాత హెచ్‌డీ1 అని నగర సర్వర్ పేరు, ఆ తరువాత వీఎస్ఎన్ఎల్, నెట్, ఇన్ అని చుక్కలతో విడిన నాలుగు ముక్కలు ఉండేవి. కుడివైపున ఒకే చుక్క ఉంటుందని భావించి రాసిన నమూనా ఏదైనా అలాంటి చిరునామాను తోసిపుచ్చక తప్పదు.

చివరి ముక్క పొడవు మీద పెట్టిన పరిమితి ఇంకా ఎక్కువకాలం బాధించింది. డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 2000 సంవత్సరంలో ఏడు కొత్త అంత్యనామాలను ఎంపిక చేసినప్పుడు వాటిలో నాలుగక్షరాల ఇన్ఫో, ఆరక్షరాల మ్యూజియం ఉన్నాయి. కొత్త పేర్లు ప్రమాణాల ప్రకారం నిర్దుష్టమైనవే అయినా పాత నమూనాల ముందు అవి చెల్లని నాణేలయ్యాయి. 2012లో ఐకాన్ తలుపులు పూర్తిగా తెరిచినప్పుడు 1930 దరఖాస్తులు వచ్చాయి. ఆ తరువాత అంత్యనామం ఇంత పొడవే ఉండాలనడానికి ఆధారమే మిగల్లేదు.

ఈ గందరగోళాన్ని సరిదిద్దాలని జాన్ క్లెన్సిన్ 2004లో 3696వ పత్రం రాశాడు. చిరునామాలను అవసరానికి మించి బిగించి తనిఖీ చేస్తున్న ప్రోగ్రాంలు సరైనవాటిని కూడా తిరస్కరిస్తున్నాయని అందులో ఫిర్యాదు. విచిత్రమేమంటే ఆ పత్రంలోనే తప్పులు దొర్లాయి: ఎడమభాగానికి 64, ఎట్ గుర్తుకు 1, కుడిభాగానికి 255 కలిపి చిరునామా గరిష్ఠ పొడవు 320 అని అందులో రాసి ఉన్నది, కానీ ఎస్ఎంటీపీలో చిరునామాను చుట్టుముట్టే కోణపు గుర్తులు రెండింటితో సహా మొత్తం 256 దాటకూడదు కనుక నిజమైన పరిమితి 254. తరువాత సవరణ ప్రకటించవలసి వచ్చింది. నియమాలు తెలిసినవారిలో అగ్రగణ్యుడే తడబడిన చోట, మరో సైటు నుంచి నాలుగు గుర్తులు నకలు తెచ్చుకొన్నవారిని ఎక్కువగా నిందించడం న్యాయం కాదేమో.

తిరస్కరణకు గురైన గుర్తుల్లో ప్లస్ గుర్తుది ప్రత్యేక చరిత్ర. పేరు తరువాత ప్లస్ పెట్టి ఏదైనా మాట చేర్చితే ఉత్తరం అదే పెట్టెకు వచ్చి, ఏ సైటుకు ఇచ్చిన చిరునామాకు అది వచ్చిందో తెలిసిపోయే సదుపాయాన్ని సెండ్‌మెయిల్ వంటి ప్రోగ్రాంలు, 2004లో మొదలైన జీమెయిల్ కల్పించాయి. ప్రమాణాల ప్రకారం ఆ గుర్తుకు ఏ దోషమూ లేదు. ఫారం నుంచి సమాచారం సర్వర్‌కు వెళ్లే సంకేత పద్ధతిలో మాత్రం ఖాళీకి బదులుగా ప్లస్ రాయడం ఆనవాయితీ; అసలైన ప్లస్‌ను వేరే సంకేతంగా మార్చి పంపడం మరచిన ప్రోగ్రాం దాన్ని ఖాళీగా చదివి, ఖాళీ ఉన్న చిరునామా చెల్లదని తేల్చేది. ఐరిష్ ఇంటిపేర్లలో వచ్చే అపాస్ట్రఫీకి డేటాబేస్ ఆదేశాలను తప్పుదారి పట్టిస్తుందన్న భయం వల్ల ఇదే గతి పట్టింది. దీనికి తలకిందులైన ఉదాహరణ జపానులో ఉన్నది. అక్కడ డొకోమో మొబైల్ సంస్థ తన వాడుకరులకు చుక్క పక్కన చుక్క, ఎట్ గుర్తుకు ముందు చుక్క ఉన్న చిరునామాలు కూడా ఇచ్చింది. అవి ప్రమాణానికి విరుద్ధం, కానీ వాటికి పెట్టెలు ఉన్నాయి, వాటిని చదివే మనుషులూ ఉన్నారు. రూపం చెడినా వాస్తవమైన చిరునామాలవి.

అసలు సర్వర్‌నే అడిగే దారి ఏమైందన్నది ఇక్కడ రావలసిన ప్రశ్న. 1990ల మధ్య నుంచి అయాచిత వ్యాపార ఉత్తరాలు, అంటే స్పామ్, వెల్లువెత్తినప్పుడు ఆ ఉత్తరాలు పంపేవారికి వీఆర్‌ఎఫ్‌వై ఆదేశం వరమైంది; నిఘంటువులోని పేర్లను వరుసగా అడిగి, ఉన్నవన్న చిరునామాలను ఏరుకోవడం వారికి సులువైన పని. 1999లో స్పామ్ నివారణ కోసం వెలువడిన 2505వ పత్రం ఈ ఆదేశాన్ని ఎవరు వాడవచ్చో నియంత్రించే వీలు సర్వర్లకు ఉండాలని చెప్పింది. అవునని గాని కాదని గాని చెప్పకుండా, ఉత్తరం ఇస్తే ప్రయత్నిస్తానని మాత్రమే తెలిపే 252 అనే జవాబు సంఖ్య సర్వర్లకు ఆశ్రయమైంది. ఉత్తరం పంపబోతున్నట్లు సంభాషణ మొదలుపెట్టి, గ్రహీత పేరుకు సర్వర్ ఒప్పుకోగానే మధ్యలో విరమించే ఉపాయం కొందరు ప్రయోగించారు. దాన్నీ స్పామ్ పంపేవారి వేషంగానే సర్వర్లు చూడసాగాయి; పైగా డొమైన్‌కు వచ్చిన ప్రతి పేరునూ ఒప్పుకొనే ఏర్పాటు ఉన్నచోట ఆ ఉపాయం దేన్నీ రుజువు చేయదు.

ఇన్ని దారులు మూసుకొన్నాక మిగిలినది ఉత్తరం ఒక్కటే. ఊహించలేని సంకేతం ఇమిడిన లంకెను చిరునామాకు పంపి, ఎవరైనా దాన్ని తెరిచి నొక్కితేనే చిరునామాను నమోదు చేసే పద్ధతి రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబిస్తుంది: పెట్టె ఉన్నది, అది అడిగిన మనిషి చేతిలోనే ఉన్నది. ఇది కూడా దుర్వినియోగానికి అతీతం కాలేదు. 2016 ఆగస్టులో ఎందరో అధికారుల చిరునామాలను వేలాది ఫారాల్లో యంత్రాలతో నింపించి, వచ్చిపడే ఉత్తరాలతో వారి పెట్టెలు ముంచెత్తారు. నిర్ధారణ అడగని సైట్లు ఉత్తరాలు పంపుతూనే పోతే, అడిగిన సైట్ల నుంచి కనీసం ఒక్కొక్కటి చొప్పున వచ్చింది. కొద్దిసేపే బతికే తాత్కాలిక పెట్టెలు ఇచ్చే మెయిలినేటర్ వంటి సేవలు 2003 నుంచే ఉన్నాయి. అక్కడ పెట్టె నిజమైనదే, నిర్ధారణ నిజమైనదే, మనిషి మాత్రం మరుక్షణం మాయం.

బ్రౌజర్లే తనిఖీ బాధ్యత తీసుకోవాలన్న ఆలోచన ఇయాన్ హిక్సన్ నడిపిన వెబ్ ఫారాల ప్రతిపాదనతో మొదలై, 2014 అక్టోబరులో ఖరారైన హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో ఈ-మెయిల్ కోసమే ప్రత్యేకమైన గడిగా స్థిరపడింది. సెల్‌ఫోన్‌లో ఆ గడిని తాకగానే ఎట్ గుర్తున్న కీబోర్డు ప్రత్యక్షం కావడం దాని చలవే. ఈ-మెయిల్ ప్రమాణంలోని వ్యాకరణం ఒకవైపు మరీ బిగువుగా, మరోవైపు మరీ వదులుగా ఉండి ఫారాలకు పనికిరానిదని, అందువల్ల దాన్ని తెలిసే ఉల్లంఘిస్తున్నామని ఆ గడిని నిర్వచించినవారు బాహాటంగా ప్రకటించారు. వ్యాఖ్యలు, కొటేషన్లు పోయాయి, చుక్క పక్కన చుక్క ఉండవచ్చు. డొకోమో చిరునామాలకు ఎన్నో ఏళ్ల తరువాత గౌరవం దక్కింది. ఇన్నేళ్ల తనిఖీ నియమాల్లో వివేకమైనది ఇదేనని చెప్పవచ్చు, కాని అది కూడా ఎడమభాగంలో రోమన్ అక్షరాలను తప్ప మరి వేటినీ ఊహించలేదు.

ఆ లోటు తెలుగువారికి నేరుగా తగులుతుంది. ఏ లిపిలోనైనా చిరునామా ఉండవచ్చని 2012 ఫిబ్రవరిలో వెలువడిన 6530 నుంచి 6533 వరకు గల నాలుగు పత్రాలు నిర్ణయించాయి. తెలుగు లిపిలో భారత్ అనే అంత్యనామం అంతకుముందే, 2011లో, డొమైన్ వ్యవస్థలో చేరింది. 2014 ఆగస్టులో జీమెయిల్ అలాంటి చిరునామాలతో ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒప్పుకొన్నది. 2017లో రాజస్థాన్ ప్రభుత్వం ప్రజలకు దేవనాగరి చిరునామాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తెలుగు చిరునామాను తనిఖీ చేయడంలో కొత్త చిక్కులున్నాయి. ఎడమభాగానికి ఉన్న 64 పరిమితి అక్షరాలది కాదు, బైట్లది. యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో ప్రతి తెలుగు హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. శ్రీనివాసవేంకటేశ్వర్లు అన్న పేరు రోమన్ లిపిలో 22 బైట్లలో ఇమిడిపోతే తెలుగులో 66 అవుతుంది, అంటే హద్దు మీద రెండు బైట్లు ఎక్కువ. రాజ్‌కుమార్ వంటి పేరులో పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. డొమైన్ పేర్లలో దాన్ని 2003 నాటి ప్రమాణం తీసివేసేది, 2010 నాటి ప్రమాణం షరతులతో ఉంచింది, కనుక చూడడానికి ఒకటే అయిన పేరు రెండు వేర్వేరు చిరునామాలు కావచ్చు. సర్వర్లు ఇన్నిటికి సిద్ధపడినా, హెచ్‌టీఎంఎల్5లోని ఆ ప్రత్యేకమైన గడి తెలుగులో రాసిన ఎడమభాగాన్ని చెల్లదంటుంది. తెలుగు చిరునామాలను అంగీకరించదలచిన సైటు ఆ గడిని విడిచి, ఏ నియమమూ లేని మామూలు గడిని పెట్టి, నిర్ధారణ ఉత్తరం మీదనే ఆధారపడవలసి ఉంటుంది.